కనబడని కాటు



ఒక పిల్లవాడి చేతి మీది అక్షరంతో ఈ ప్రసంగం మొదలుపెడతాను. పదేళ్ళ కిందటి మాట. బళ్ళారి జిల్లాలో తెలుగు ఇళ్ళూ కన్నడ ఇళ్ళూ గోడకు గోడ ఆనుకొని ఉండే ఊళ్ళో ఏడో తరగతికి పాఠం చెబుతున్నాను. చివరి బెంచీలో గుసగుసలు మొదలయ్యాయి. వెళ్ళి చూస్తే ఒక కుర్రవాడు పెన్సిలు వెనకభాగంతో తన ముంజేతి మీద 'అ' అని రాసుకున్నాడు. సిరా లేదు, సుద్ద లేదు. చర్మమే అక్షరం ఆకారంలో ఎర్రగా ఉబ్బి లేచింది. మన 'అ'కీ కన్నడ 'అ'కీ ఆట్టే తేడా లేదు గనుక వాడు ఏ భాషలో రాశాడో చెప్పడం కష్టం. పక్క పిల్లలు హడలిపోయారు. ఒకడు గాలి సోకిందన్నాడు. ఒక అమ్మాయి అంటుకుంటుందని బెంచీ మారిపోయింది.

నేను బి.ఇడి. చదివినవాణ్ణి. నల్లబల్ల మీద చర్మం పొరల బొమ్మ ఏటేటా గీసి చూపించేవాణ్ణి. అయినా నేను చేసిన పని ఏమిటంటే, అది తగ్గేదాకా బడికి రావద్దని చెప్పి వాణ్ణి ఇంటికి పంపించాను. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ వచ్చింది. "ఏం సార్, మావోడు ఏం తప్పు చేసినాడు?" అని అడిగింది. కొడుకు చెయ్యి పైకెత్తి చూపించింది. చెయ్యి నున్నగా ఉంది, నిన్నటి గుర్తు ఒక్కటీ లేదు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతుక్కుంటూ పోయినప్పుడు నాకు తెలిసిన సంగతులే ఈ పూట మీకు చెప్పబోతున్నాను. దద్దుర్లు మనలో చాలామంది ఎరిగినవే. అయిదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తాయని వైద్యులు చెబుతారు. ఉన్నట్టుండి ఒంటిమీద ఎర్రటి బిళ్ళలు లేస్తాయి. గోకితే ఇంకా పెరుగుతాయి. చేతిమీద తగ్గితే వీపున లేస్తాయి. కొన్ని గంటల్లో ఏమీ ఎరగనట్టు మాయమవుతాయి. ఇంత మామూలు బాధ అసలు ఏమిటో తేల్చుకోవడానికి మనిషికి రెండువేల ఏళ్ళకు పైగా పట్టింది.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. సరిహద్దుల్లో బతికే మనకు ఒక సౌకర్యం ఉంది. ఒకే జబ్బును నాలుగు భాషల్లో వింటాం. మనం దద్దుర్లు అంటాం, దద్దులు అంటాం. మా బళ్ళారి వైపు కన్నడిగులు 'పిత్తద గంధె' అంటారు. నాతో బి.ఇడి. చదివిన మిత్రుడొకడు షోలాపూరు పద్మశాలి కుటుంబంవాడు. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడుకుంటూనే దద్దుర్లు వస్తే మాత్రం 'అంగావర్ పిత్త ఉఠలం' అని మరాఠీలో చెబుతారట, ఒంటిమీద పిత్తం లేచిందని అర్థం. మా అక్కను హోసూరు వైపు ఇచ్చారు. అక్కడి తమిళులు దీన్ని 'కాణాక్కడి' అంటారు. కాణా అంటే కనబడని, కడి అంటే కాటు. ఏదో కరిచింది, కరిచిందేదో కనబడలేదు. ఆ మాట మా అక్క నోట మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. తరువాత చరిత్ర చదివాక నవ్వు పోయింది. ఎందుకో వినండి.

మా చిన్నప్పుడు దద్దుర్లు లేస్తే మా అవ్వ చేసే వైద్యం ఒకటే. "పిత్తం లేసింది, గాలికి పోవద్దు" అని అటక మీది నల్ల కంబళి దించి మెడదాకా చుట్టేది. గొర్రెబొచ్చు కంబళి ఎంత గరుకో మీకు తెలుసు. దానితోనే వీపు రుద్దేది. పది నిమిషాలు ప్రాణం హాయిగా ఉండేది. గాలికి పోవద్దన్న ఆ మాట అవ్వ సొంతం కాదని నాకు ఆయుర్వేద గ్రంథాల గురించి చదివినప్పుడు తెలిసింది. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి మాధవనిదానంలో ఈ రోగానికి శీతపిత్తమని పేరు. చల్లటి గాలి తగలడం వల్ల కఫవాతాలు ప్రకోపించి పిత్తంతో కలిసి లోపలా బయటా వ్యాపిస్తాయని దాని వివరణ. ఆ పొంగు ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ గ్రంథకర్త ఎంచుకున్న పోలిక కందిరీగ కాటు. కందిరీగ కుట్టినచోట ఎలా ఉబ్బుతుందో అలా ఉబ్బుతుంది, దురద పెడుతుంది, పొడుస్తుంది అంటాడు. అంతేకాదు, గుండ్రటి ఎర్రటి మచ్చలను కోఠమనీ, అవే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఉత్కోఠమనీ వేరుచేశాడు. ఒకసారి వచ్చి పోయేదీ, విడవకుండా తిరగబెట్టేదీ ఒకటి కాదని అప్పుడే గమనించారన్నమాట.

ఇదే బాధను గ్రీసు దేశంలో హిప్పోక్రటీసు కాలంవారు 'క్నిడోసిస్' అన్నారు. క్నిడే అంటే వాళ్ళ వైపు పెరిగే ఒక నూగు మొక్క. మన దూలగొండి లాగా తగిలితే చాలు, మంట, దురద, బొబ్బలు. దాన్నే లాటిన్‌లో 'ఉర్టికా' అంటారు. స్కాట్లండులో ఎడింబరో నగరపు ఆచార్యుడు విలియం కల్లెన్ 1769లో రోగాలన్నిటినీ వర్గాలుగా పేర్చేటప్పుడు ఆ మాటనుంచే 'ఉర్టికేరియా' అని పేరు పెట్టాడు. ఇవాళ ఆసుపత్రి చీటీ మీద డాక్టరుగారు రాసే పేరు అదే. యానాంలో పెద్దవాళ్ళు ఎవరైనా ఫ్రెంచి బళ్ళో చదువుకున్నవాళ్ళుంటే 'ఉర్టికేర్' అన్న మాట గుర్తుపడతారు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మాధవనిదానంలో కందిరీగ. గ్రీకులకు నూగు మొక్క. తమిళులకు కనబడని కాటు. ఒకరి మాట ఒకరు వినకుండా ముగ్గురూ అన్నది ఒకటే. ఏదీ కుట్టకుండానే ఒళ్ళు కుట్టినట్టు ఉబ్బుతోంది. మరి కుట్టిందెవరు?

ఈ ప్రశ్నకు జవాబు ముక్కలు ముక్కలుగా దొరికింది. మొదటి ముక్క జర్మనీలో. 1878లో పాల్ ఎర్లిక్ అనే 24 ఏళ్ళ వైద్య విద్యార్థి తన పట్టా కోసం రాసిన వ్యాసంలో, రంగు వేసి చూస్తే లోపలంతా గింజలు గింజలుగా కనిపించే ఒక రకం కణాలను వర్ణించాడు. చర్మంలో రక్తనాళాల చుట్టూ ఇవి కాపలా కాస్తున్నట్టు ఉంటాయి. బాగా తిని బలిసిన కణాలేమో అనుకొని, పశువులకు పెట్టే మేతను సూచించే జర్మన్ మాటతో 'మాస్ట్ కణాలు' అన్నాడు. ఆ ఊహ తప్పు. అవి తిన్నవి కావు, దాచుకున్నవి. పేరు మాత్రం నేటికీ అదే. పిత్తద గంధెలో పిత్తం మిగిలిపోయినట్టే ఇదీ మిగిలిపోయింది. జర్మను శాస్త్రజ్ఞుడైనా మా అవ్వైనా పేరు పెట్టేటప్పుడు తోచిన ఊహతోనే పెడతారు.

రెండో ముక్క లండనులో. హెన్రీ డేల్ అనే శాస్త్రజ్ఞుడు రై అనే ధాన్యానికి పట్టే ఒక బూజు మీద పనిచేస్తూ 1910లో అందులో ఒక పదార్థాన్ని గుర్తించాడు. దాన్ని జంతువుకు ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. దాని పేరు హిస్టమీన్. 1927లో ఆయన, ఆయన సహచరులు తాజా కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అదే పదార్థం ఉందని చూపించారు. అంటే అది బయటి విషం కాదు, మన ఒంట్లో పుట్టేదే.

మూడో ముక్క నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎందుకంటే అది మా బడిలో ఆ కుర్రవాడు చేసిన పనే. లండనులోనే థామస్ లూయిస్ అనే వైద్యుడు 1920లలో మనుషుల చర్మం మీద మొండి కొనతో గీతలు గీసి, గడియారం పట్టుకొని కూర్చుని చూశాడు. ముందు గీసినచోట ఎర్రటి చార వస్తుంది. తరువాత దాని చుట్టూ ఎరుపు పాకుతుంది. ఆ తరువాత గీత ఉబ్బి లేస్తుంది. కాల్చినా, గిచ్చినా, చలి తగిలించినా, పురుగు కుట్టినా వరస ఇదే. గాయం ఏదైనా జవాబు ఒకటేనంటే చర్మంలోనే ఏదో ఒక పదార్థం విడుదలవుతూ ఉండాలి. సూదితో హిస్టమీన్ గుచ్చితే అచ్చం ఇలాగే జరుగుతుంది. అయినా లూయిస్ తొందరపడలేదు. రుజువు పూర్తిగా చేతికి రాలేదు గనుక హిస్టమీన్ అనకుండా 'హెచ్ పదార్థం' అని మాత్రమే రాశాడు. 1927లో అచ్చయిన ఆయన పుస్తకంలో అదే మాట ఉంది. పిల్లలకు సైన్సు చెప్పే మాబోటివాళ్ళు ఆ ఒక్క అక్షరం దగ్గర కాసేపు ఆగాలి. ఎంత తెలిసిందో అంతే రాయడం తేలిక కాదు.

చివరి ముడి 1953 ప్రాంతంలో స్కాట్లండులోని డండీలో వీడింది. రైలీ, వెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఎర్లిక్ చూసిన మాస్ట్ కణాల గింజల్లో ఉన్నది హిస్టమీనేనని తేల్చారు. కణం పగిలినట్టు విచ్చుకుంటే హిస్టమీన్ బయటపడుతుంది. సన్నటి రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. చర్మం ఉబ్బుతుంది. నరాల కొనలు రేగి దురద పుడుతుంది. ఊరిన నీరు కొన్ని గంటల్లో మళ్ళీ ఇంకిపోతుంది గనుక దద్దురు జాడ లేకుండా పోతుంది.

ఇక పాత పోలికల సంగతి. 1947లో ఎమ్మెలిన్, ఫెల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఆ యూరపు నూగు మొక్క రోమాలను పరీక్షించి వాటిలో హిస్టమీన్ ఉందని కనుక్కున్నారు. కందిరీగ విషంలోనూ హిస్టమీన్ ఉంది. అంటే గ్రీకుల పోలికా, మాధవనిదానం పోలికా రసాయనం దాకా వెళ్ళి చూసినా నిలబడ్డాయి. కాణాక్కడి అన్న తమిళ పల్లెవాసి ఇంకొక అడుగు ముందున్నాడు. కాటు నిజం. కరిచేది మాత్రం మన చర్మం లోపలే ఉంది.

సరే, హిస్టమీన్ సంచీ ఎందుకు విప్పుకుంటుంది? గీత గీస్తే కొందరికే ఎందుకు లేస్తుంది? రొయ్యలు తింటే ఒకరికి రుచి, ఒకరికి దద్దుర్లు ఎందుకు? దీనికి ఇంకొక కథ ఉంది. అది సముద్రం మీద మొదలవుతుంది. 1901లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే మొనాకో రాజుగారి ఓడలో ప్రయాణిస్తూ సముద్రపు జీవుల విషాల మీద పనిచేశారు. పారిస్‌కు తిరిగివచ్చాక కుక్కలకు సముద్రపు ఎనిమోన్ విషం కొద్దికొద్దిగా ఎక్కించారు. అలా చేస్తే విషానికి అలవాటుపడతాయని వారి ఆశ. నెప్ట్యూన్ అనే బలమైన కుక్క మొదటి మోతాదు తట్టుకుంది. కొన్ని వారాల తరువాత మళ్ళీ ఎక్కిస్తే అరగంట లోపే చచ్చిపోయింది. రక్షణ కోసం చేసిన పని ప్రాణం తీసింది గనుక రక్షణకు వ్యతిరేకమన్న అర్థంతో దానికి 'అనఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే కాలంలో వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఇంకొకటి గమనించాడు. గొంతువాపు జబ్బుకు అప్పట్లో గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేవారు. పిల్లల ప్రాణాలు దక్కేవి, కానీ వారం పది రోజులకు కొందరికి జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు. మందు చెడ్డది కాదు, రోగక్రిమీ కాదు, పిల్లవాడి ఒళ్ళే ఆ పదార్థంతో వేరుగా ప్రవర్తిస్తోంది. 1906లో ఆయన దానికి రెండు గ్రీకు మాటలు కలిపి 'అలెర్జీ' అన్నాడు. ఇవాళ చాయ్ అంగట్లో కూడా వినబడే మాట అది. పుట్టుక ఆ పిల్లల దద్దుర్లలోనే.

ఆ తరువాత 1921లో అప్పటి జర్మనీలోని బ్రెస్లా పట్టణంలో, అంటే నేటి పోలండులోని వ్రోత్స్వాఫ్‌లో, ఇద్దరు స్నేహితులు చేసిన పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. హైన్స్ క్యూస్ట్‌నర్‌కు చేపలు పడవు, తింటే దద్దుర్లు. కార్ల్ ప్రౌస్‌నిట్స్‌కు చేపలతో ఏ ఇబ్బందీ లేదు. క్యూస్ట్‌నర్ రక్తపు సీరం కొద్దిగా తీసి ప్రౌస్‌నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం గుచ్చుకున్నాడు. చేపలు పడే మనిషి ఒంటిమీద, సరిగ్గా అక్కడ మాత్రమే దద్దురు లేచింది. 'పడకపోవడం' అనేది రక్తంలో ఉంది, ఒకరి నుంచి ఒకరికి చుక్కగా తీసి పెట్టవచ్చు. ఆ చుక్కలో ఉన్నదేమిటో తెలియడానికి ఇంకా 45 ఏళ్ళు పట్టింది. అమెరికాలోని డెన్వర్‌లో జపాను దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా 1966లో దాన్ని పట్టుకున్నారు. చర్మపరీక్షలకు వాళ్ళు వాడుకున్నది తమ ఒంటినే. స్వీడన్‌లో ఇంకొక జట్టు వేరే దారిలో అదే పదార్థాన్ని చేరింది. 1968లో దానికి ఐజీఈ అని అంతర్జాతీయంగా పేరు ఖాయమైంది. నులిపురుగుల వంటి పరాన్నజీవులతో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే ఆయుధం అది. మాస్ట్ కణాల మీద తాళంచెవిలా కూర్చుని ఉంటుంది. చేపో, పల్లీయో, పెన్సిలినో పొరపాటున శత్రువుగా కనబడితే సంచీ విప్పుతుంది.

మందు సంగతికి వద్దాం. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దానియెల్ బోవే 1937లో తన శిష్యురాలు ఆన్ మరీ స్టౌబ్‌తో కలిసి హిస్టమీన్‌ను అడ్డుకొనే మొదటి పదార్థాన్ని కనుక్కున్నాడు. అది మనుషులకు పనికిరాని విషపదార్థం. మనుషులు మింగదగ్గ మందు 1942లో ఫ్రాన్సులో వచ్చింది. బోవేకు 1957లో నోబెల్ వచ్చింది. ఆ వంశంలోదే మనందరి ఇళ్ళలో ఉండే అవిల్ బిళ్ళ. ఈ పాత మందులు మెదడులోకి కూడా వెళ్ళి అక్కడి హిస్టమీన్‌ను అడ్డుకుంటాయి, అందుకే నిద్ర. అవిల్ వేసుకుని బండి నడిపినవాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. 1980లలో వచ్చిన సెట్రిజిన్ వంటివి మెదడులోకి తక్కువగా వెళ్తాయి గనుక మగత తక్కువ.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నా తమ్ముణ్ణి ఒక ఏడు పొలంలో తేనెటీగ కుట్టింది. చెయ్యి మోచేతిదాకా వాచి రెండు రోజుల్లో తగ్గింది. మరుసటేడు మళ్ళీ ఒక్కటే ఈగ కుట్టింది. పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బిపోయాయి. నేను అవిల్ బిళ్ళ వేసి, మంచం మీద పడుకోబెట్టి, తగ్గుతుందిలే అని కూర్చున్నాను. పావుగంటకు వాడి గొంతు మారింది. "అన్నా, ఊపిరాడటం లేదు" అన్నాడు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తాలూకా ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూడగానే తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చింది. కొన్ని నిమిషాల్లో వాడి ముఖంలో రంగు తిరిగింది. ఆ పావుగంట ఎందుకు పోగొట్టారని ఆమె నన్ను అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. నెప్ట్యూన్‌కు జరిగింది మా తమ్ముడికి జరగబోయిందని చాలా రోజుల తరువాత అర్థమైంది. మొదటిసారి తట్టుకోవడం రెండోసారికి హామీ కాదు.

అవిల్ హిస్టమీన్‌ను అడ్డుకుంటుంది, అదీ మెల్లగా. పడిపోతున్న రక్తపోటునూ మూసుకుపోతున్న ఊపిరినీ నిలబెట్టేది అడ్రినలిన్. దాన్ని తకమినె అనే జపాను రసాయన శాస్త్రజ్ఞుడు 1901లో పశువుల గ్రంథుల నుంచి స్ఫటికంగా వేరుచేశాడు. కుక్క చచ్చిపోయిన ఆ ప్రయోగానికీ దాని విరుగుడుకూ ఒకటే కాలం అన్నమాట. కనుక శ్రోతలు ఇది గుర్తుంచుకోండి. దద్దుర్లతోపాటు నాలుకో గొంతో వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి పట్టేసినా, వాంతులు పట్టుకున్నా, కళ్ళు తిరిగినా కంబళీ వద్దు, బిళ్ళ కోసం ఎదురుచూడటమూ వద్దు. ఆసుపత్రికి వెళ్ళాలి. ఊపిరి అందనివాళ్ళను కూర్చోబెట్టి తీసుకుపోవాలి, కళ్ళు తిరుగుతున్నవాళ్ళను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి.

కంబళి అన్నాను గనుక మా అవ్వకూ న్యాయం చెయ్యాలి. చల్లదనం తగిలితేనే దద్దుర్లు లేచే మనుషులు నిజంగా ఉన్నారు. వాళ్ళ విషయంలో శీతపిత్తమన్న పేరూ, కంబళి కప్పడమూ రెండూ సరైనవే. అలాంటివాళ్ళు చన్నీళ్ళ బావిలో ఒక్కసారిగా దూకితే ప్రాణం మీదికి రావచ్చు, అందుకని ఈత పిల్లల తల్లిదండ్రులు ఇది తెలుసుకొని ఉండటం మంచిది. రుద్దడం మాత్రం కొందరికి ఎదురుతిరుగుతుంది. గరుకు తగిలితేనే లేచే దద్దుర్లను గరుకు కంబళితో రుద్దితే ఏమవుతుంది? అప్పటికి హాయి, తరువాత ఇంకొన్ని బిళ్ళలు. ఇక పిత్తం పేరు చెప్పి పులుపు, కారం, వంకాయ, గుడ్డు అన్నీ మాన్పించి పిల్లల్ని ఎండగట్టడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అది నాకు నచ్చని పని. తిన్న వెంటనే, ఒకటి రెండు గంటల్లో, తిన్నప్పుడల్లా వస్తే ఆ ఒక్క పదార్థాన్ని అనుమానించాలి. పిల్లల్లో అప్పటికప్పుడు వచ్చే దద్దుర్లకు ఎక్కువసార్లు కారణం జలుబు, జ్వరం వంటి సాధారణ వైరసులే. అవి తగ్గితే ఇవీ తగ్గుతాయి.

ఆరు వారాలు దాటినా రోజూ వస్తూనే ఉంటే దాని కథ వేరు. ఉత్కోఠం గుర్తుందా? ఇలాంటివాళ్ళు ఏది పడటం లేదో వెతుక్కుంటూ ఏళ్ళ తరబడి పథ్యాలు చేస్తారు, పరీక్షలకు డబ్బు పోస్తారు. 1993లో హిడె, గ్రీవ్స్ తదితర పరిశోధకులు చూపించిందేమిటంటే, వీళ్ళలో కొందరికి తమ మాస్ట్ కణాల మీదికే తమ ఒళ్ళు ప్రతిదేహాలను తయారుచేసుకుంటోంది. బయటి శత్రువు లేడు. అందుకే ఎంత వెతికినా దొరకడు. మగత తక్కువ బిళ్ళలు క్రమం తప్పకుండా డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే చాలామందికి అదుపులో ఉంటుంది. వాటికి లొంగనివాళ్ళకు ఐజీఈని పట్టేసే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షనుకు 2014లో అనుమతి వచ్చింది. ఖరీదు ఎక్కువ.

ప్రతి దురదా దద్దురు కాదు. దీనికి మా అత్తగారింటి ఊళ్ళో ఒక నర్సమ్మ నాకు చెప్పిన ఉపాయం మీకూ చెబుతాను. లేచిన బిళ్ళ చుట్టూ పెన్నుతో గీత గీయండి. 24 గంటల లోపు ఆ గీత లోపలిది మాయమై ఇంకొకచోట లేస్తే అది దద్దురు. అక్కడే ఉండిపోతే, నొప్పి పెడితే, కమిలిన మచ్చ మిగిలితే డాక్టరుకు చూపించాలి. వేళ్ళ సందుల్లో రాత్రిళ్ళు దురద పెట్టి ఇంట్లో అందరికీ పాకేది గజ్జి. నీటి పొక్కులు ఆటలమ్మ. వయ్యారిభామ, అదే మహారాష్ట్ర, కర్ణాటకల వైపు కాంగ్రెస్ గడ్డి అంటారే, అది 1950లలో పుణె దగ్గర కనబడి మన చేలన్నీ ఆక్రమించింది. దాని వల్ల వచ్చే చర్మబాధ దద్దురులా గంటల్లో పోదు. కళ్ళ రెప్పలు, మెడ, మోచేతి మడతలు మందంగా అయిపోయి వారాలు, నెలలు బాధిస్తుంది. దద్దుర్లు మాత్రం ఎవరికీ అంటుకోవు.

మన దూలగొండి గురించి ఒక్కమాట. కన్నడంలో నసుగున్ని అంటారు. ఆ కాయ మీది బంగారు రంగు నూగు తగిలితే మనిషి ఎగిరి గంతేస్తాడు. అమెరికాలో వాల్టర్ షెల్లీ అనే చర్మవైద్యుడు 1950లలో ఆ నూగును పరీక్షించి, దురద పుట్టించేది అందులోని ఒక ఎంజైము అని చూపించాడు. ఆ దురద హిస్టమీన్ దారిలో పోదు. అందుకే దానికి అవిల్ పనిచేయదు. అంటే దురదకు ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. పొడిచర్మం దురదకూ, కామెర్ల దురదకూ, మూత్రపిండాల జబ్బు దురదకూ అవిల్ బిళ్ళ మింగి తగ్గలేదని బాధపడేవాళ్ళకు కారణం ఇదే. మన చేను గట్టు మీది తీగ నుంచి వచ్చిన జ్ఞానం అది.

మొదట చెప్పిన కుర్రవాడి విషయం మిగిలింది. వాడిది రాత దద్దురు. చర్మం మీద గీస్తే లేచే రకం. నూటికి ఇద్దరు ముగ్గురిలోనైనా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ ఆసుపత్రుల్లో ఇలాంటి రోగుల వీపుల మీద డాక్టర్లు పేర్లు రాసి ఫోటోలు తీసుకునేవారు. నేను వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళమ్మతో తప్పు నాదేనని చెప్పి, వాణ్ణి బడికి తీసుకొచ్చాను. లూయిస్ ప్రయోగం తరగతిలో వాడి చేతి మీదే, వాడి ఇష్టంతోనే చేసి చూపించాం. గోడ గడియారం చూస్తూ పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. గీసిన వెంటనే ఎరుపు, నాలుగైదు నిమిషాలకు పొంగు. బెంచీ మారిన అమ్మాయే ఆ లెక్క అందరికంటే శుభ్రంగా రాసింది. ఈసారి వాడు 'అ' రాయలేదు, నా పేరులో మొదటి అక్షరం రాశాడు. పాఠం ముగిసి గంట కొట్టేటప్పటికి ఆ అక్షరం పోయింది.